కారు పెయింటు మీద సన్న గీతలు: ఇంట్లో ఎంతవరకు చెయ్యొచ్చు? (బెజవాడ, గుంటూరు)

పటమట_గ్రే
ముదురు గ్రే మెటాలిక్, అయిదేళ్ల బండి. వెనక డోరు మీద జానెడు పొడవు తెల్ల గీత, హ్యాండిల్ గుంటల్లో గోళ్ల గీతలు, బానెట్ మీద ఎండలో చూస్తే సాలెగూడులా సన్న గీతలు. డోరు మొత్తం పెయింటు వెయ్యాలంటున్నారు. మెషీన్ లేదు, ఇంట్లో డ్రిల్లు ఉంది. పార్కింగ్ సెల్లార్‌లో. ఇందులో చేత్తో పోయేవి ఏవి?

ఆటోనగర్_పాతకాపు
రుద్దడం తర్వాత సంగతి. ఆ తెల్లది గీతో కాదో ముందు తేల్చండి. ముదురు రంగు బండి మీద తెల్లగా కనిపించేవాటిలో చాలావరకు సెల్లార్ పిల్లర్ సున్నమో, పక్క బండి బంపరు రంగో అంటుకున్నవే. ఆ చోటు కడిగి ఆరనిచ్చి, మెత్తటి గుడ్డకి కొంచెం టర్పెంటాయిలు అద్ది నెమ్మదిగా తుడవండి. గుడ్డకి తెల్లరంగు వస్తుంటే పని సగం అయినట్టే. తర్వాత షాంపూ నీళ్లతో ఆ జిడ్డు కడిగెయ్యాలి. ఎన్‌సీ థిన్నరు (పెయింటు కలిపే ఘాటు ద్రావకం), గోళ్లరంగు తుడిచే అసిటోన్ జోలికి పోవద్దు. ఇదివరకు బయట రీపెయింటు అయిన డోరైతే క్లియర్ (రంగు మీద ఉండే పారదర్శక పూత) మెత్తబడి ముడతలు పడుతుంది.

రంగు రాకపోతే గీత మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపూ మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది పైనున్న క్లియర్ కోటులోనే ఉంది. నీళ్లు గీతని నింపడం వల్ల వెలుతురు చెదరదు, అందుకే కనపడదు. తడిసినా కనపడుతుంటే గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుంటే రుద్ది పోగొట్టే లోతు దాటిపోయింది. గీత అడుగున లేత బూడిద రంగో తెలుపో ఉంటే ప్రైమర్, మెరుస్తుంటే రేకు. గోధుమ రంగు ఉంటే తుప్పు మొదలైందన్నమాట, ఇక ఆలస్యం చెయ్యకూడదు.

కంపెనీ పెయింటు మొత్తం మందం సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. అందులో క్లియర్ 35 నుంచి 50 వరకు. గీత పోగొట్టడమంటే దాన్ని పూడ్చడం కాదు, చుట్టూ ఉన్న క్లియర్‌ని గీత అడుగుదాకా దించడం. కాంపౌండ్ (రాపిడి పొడి ఉన్న పేస్టు) కొట్టిన ప్రతిసారీ ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోతాయి, పోయింది మళ్లీ రాదు. అందుకే గీత పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి. అంచులు గుండ్రబడితే నాలుగడుగుల దూరం నుంచి కనపడదు, అక్కడ ఆపెయ్యడమే తెలివి.

గొల్లపూడి_రోడ్డు
బానెట్ మీద సాలెగూడు గీతలు ఎక్కడివో చెబుతాను. ఇబ్రహీంపట్నం వైపు తిరిగే బళ్ల మీద పడేది మామూలు దుమ్ము కాదు, అక్కడి థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద. సిలికా, అల్యూమినా ఉన్న గట్టి రేణువులు అవి. పొద్దున్నే పొడి పసుపు గుడ్డతో బరబరా తుడిస్తే సన్నటి గరుక్కాగితంతో రుద్దినట్టే. ముందు పైపుతో దుమ్మంతా జార్చాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. పైనుంచి కిందికి రండి, డోరు కింది భాగాలు ఆఖర్న. గిన్నెల జెల్లు, బట్టల పొడి వద్దు, మైనం పొర లేచిపోతుంది. కడిగాక చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి పెయింటు మీద నిమరండి. గరగరలాడితే క్లే బార్ (అంటుకున్న గరుకుని లాగేసే బంకముద్ద) కావాలి. క్లే తిప్పేటప్పుడు షాంపూ నీళ్లు ధారాళంగా పొయ్యాలి, ముక్క కింద పడితే దాన్ని పారెయ్యాలి. గరుకు ఉండగానే కాంపౌండ్ రుద్దితే ఆ రేణువులనే పెయింటు మీద ఈడ్చినట్టవుతుంది.

ఇంకో మాట. బోరు నీళ్లు ఎండకి ఆరి ఏర్పడే తెల్ల వలయాలు గీతలు కావు, వాటికి కాంపౌండ్ దండగ. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో నిమిషంపాటు ఆనించి, బాగా కడిగెయ్యండి. అప్పటికీ పోకపోతే ఖనిజం క్లియర్‌ని తినేసింది. అప్పుడే పాలిష్ సంగతి చూడాలి.

బ్రాడీపేట_పాలిష్
చేత్తో చేసే పద్ధతి చెబుతాను, ప్రశ్న అదే కాబట్టి.

సామాను: ఒక కాంపౌండ్, ఒక ఫినిషింగ్ పాలిష్ (కాంపౌండ్ కంటే సన్న రాపిడిది), రెండు ఫోమ్ అప్లికేటర్లు (దేనికది వేరు), 350 జీఎస్‌ఎం మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, మాస్కింగ్ టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు. గుడ్డల అంచు కుట్లు, లేబుళ్లు ముందే కత్తిరించండి, అవీ గీస్తాయి. కాంపౌండ్ విషయంలో మెగ్వయర్స్ అల్టిమేట్, 3ఎం రబ్బింగ్ కాంపౌండ్, రెండూ పనిచేస్తాయి. చేత్తో రుద్దేవాళ్లకి నా ఓటు మొదటిదానికి.

రేకు చల్లగా ఉండాలి. చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తే వేడి తగలకూడదు. ఏప్రిల్, మే నెలల్లో బయట పెట్టిన బండికి పొద్దున ఎనిమిది దాటాక ఈ పని వద్దు, మీకు సెల్లార్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. వేడి రేకు మీద కాంపౌండ్‌లో ద్రవం ఆవిరైపోయి పొడి రేణువులు మిగులుతాయి. రుద్దేకొద్దీ అవి కొత్త గీతలు పెడతాయి, పైగా సున్నంలా అతుక్కుని ఓ పట్టాన వదలవు.

డోరు అంచులు, బాడీ మడతలు, రబ్బరు బీడింగులు టేపుతో మూసేయండి. అంచుల దగ్గర క్లియర్ పల్చగా ఉంటుంది. అప్లికేటర్ మీద శనగగింజంత చుక్కలు మూడు, నాలుగు. అడుగు పొడవు, అడుగు వెడల్పు మించిన చోటు తీసుకోవద్దు. ముందు ఒత్తిడి లేకుండా పరిచి, తర్వాత ఓ మోస్తరు ఒత్తిడితో అటూ ఇటూ ముప్పై సార్లు, అడ్డంగా మరో ముప్పై సార్లు తిన్నగా లాగండి. చేత్తో గుండ్రంగా తిప్పితే మిగిలే సన్న గీతలు ఏ వైపునుంచి చూసినా కనపడతాయి. వేలికొసతో నొక్కొద్దు, గీత వెంబడి చిన్న గాడి పడి వెలుతురులో వంకరగా కనిపిస్తుంది. అరచెయ్యి వెడల్పునా ఆనాలి.

ఆరిపోకముందే తుడిచి, ఒక వంతు ఆల్కహాలు, మూడు వంతుల డిస్టిల్డ్ వాటరు కలిపి చల్లి మళ్లీ తుడవండి. ఇది ఎవరూ చెయ్యరు, అసలు చెయ్యాల్సింది ఇదే. కాంపౌండ్‌లో నూనె గీతల్లో నిండి పోయినట్టు భ్రమ కలిగిస్తుంది, రెండు వాషులకి గీత మళ్లీ తేలుతుంది. నూనె తీశాక ఫోను టార్చి ఏటవాలుగా కొట్టి చూస్తే నిజం తెలుస్తుంది. మూడుసార్లు చేసినా పోకపోతే చేత్తో పోదు, ఆపండి. పోతే, రుద్దినచోట మిగిలే మసకని ఫినిషింగ్ పాలిష్‌తో తియ్యాలి. ముదురు గ్రే మీద ఈ రెండో మెట్టు వదిలేస్తే ఎండలో ఆ చోటు మచ్చలా తెలిసిపోతుంది. తర్వాత సీలెంటు (పెయింటు మీద రక్షణ పొర) పల్చగా. మన ఎండలకి కార్నూబా మైనం కొన్ని వారాల ముచ్చటే.

హ్యాండిల్ గుంటలకి కూడా ఇదే. అప్లికేటర్‌ని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క వాడండి.

లక్ష్మీపురం_సెడాన్
ఇంత తతంగం ఎందుకండీ, తెల్ల టూత్‌పేస్టు రుద్దితే చిన్నవి పోతున్నాయిగా? డబ్ల్యూడీ-40 కూడా చాలామంది వాడుతున్నారు.

బ్రాడీపేట_పాలిష్
డబ్ల్యూడీ-40, కొబ్బరినూనె గీతని నింపుతాయంతే. వారంలో మళ్లీ కనపడుతుంది. టూత్‌పేస్టులో రాపిడి పొడి ఉన్నమాట నిజమే, కాబట్టి కొంత పనిచేస్తుంది. కానీ ఏ పేస్టులో రేణువు ఎంత గరుకో పెయింటు లెక్కన ఎవరూ చూడరు. పైగా త్వరగా ఆరి ఎంబ్లం సందుల్లో తెల్లగా బిగుస్తుంది. పళ్లపొడి అసలు వద్దు.

పటమట_గ్రే
టర్పెంటాయిలుతో తెల్లరంగు చాలావరకు వచ్చింది, థాంక్స్ అండీ. కింద మిగిలినది తడిస్తే కనపడటం లేదు, అంటే క్లియర్‌లోనే. మరి బానెట్ అంతా చేత్తో అంటే భుజాలు పోతాయేమో. డ్రిల్లుకి ఫోమ్ ప్యాడ్ బిగించొచ్చా?

ఆటోనగర్_పాతకాపు
బిగించొచ్చు, కానీ నేనైతే వద్దంటాను. చిన్న డ్రిల్లులు 2500 నుంచి 3000 ఆర్‌పీఎం దాకా పోతాయి, ట్రిగ్గరుతో ఒకే వేగం నిలపడం కష్టం. తిరిగేది ఒకే ఇరుసు మీద కాబట్టి వేడంతా ఒకేచోట పుడుతుంది. రెండు సెకన్లు ఆగినా క్లియర్ కాలుతుంది. కాలకపోయినా హోలోగ్రామ్‌లు మిగులుతాయి, అంటే ఎండలో బండి చుట్టూ తిరిగితే మనతోపాటే జరిగే మెరుపు చారలు. బంపర్ల మీద ఇంకా ప్రమాదం. ప్లాస్టిక్ వేడిని లాగేసుకోదు, పెయింటులోనే నిలుస్తుంది.

డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషర్ అద్దెకో అరువుకో తెచ్చుకోండి. అది తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి వేడి తక్కువ. అయిదంగుళాల ప్యాడ్, చిన్న చుక్కలు నాలుగైదు, ఒకటిన్నర అడుగుల చదరం. వేగం 1 మీద పరిచి 4కి పెంచండి. చెయ్యి సెకనుకి అంగుళం కదలాలి, ఒక వరస సగం మీద తర్వాతి వరస పడాలి, నిలువుగా రెండు, అడ్డంగా రెండు. బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్ అంటించే ప్లేటు) పక్కన మార్కరుతో ఒక గీత గియ్యండి. గీత తిరగడం కనపడకపోతే మీరు ఎక్కువ నొక్కుతున్నారని అర్థం. ప్యాడ్ ఊగుతుంది గానీ కొయ్యదు, వేడొక్కటే మిగులుతుంది. ఒక్కో చదరం అయ్యాక నైలాన్ బ్రష్‌తో ప్యాడ్ శుభ్రం చెయ్యాలి. కాంపౌండ్ నిండిన ప్యాడ్ పెయింటు మీద జారుతుంది, పనిచెయ్యదు.

ముందు ఒకే చదరంలో పాలిష్, మెత్తటి ప్యాడ్‌తో చేసి చూడండి. దాంతో పోతే కాంపౌండ్ దాకా వెళ్లనక్కర్లేదు. బానెట్ గీతలు చాలావరకు ఒక్క పాలిష్‌తోనే దిగుతాయి.

గుడ్డకి బండి రంగు అంటితే వెంటనే ఆపండి. మీ బండికి క్లియర్ ఉంది కాబట్టి రంగు రావడమంటే క్లియర్ అయిపోయి కింది రంగు లేస్తోందని. క్లియర్ లేకుండా ఒకే పొరతో వచ్చిన పాత బళ్లకి మాత్రం రంగు రావడం మామూలే.

కొరిటెపాడు_హ్యాచ్
షాపుల్లో 1500 వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్న గరుక్కాగితం) కొట్టి బఫింగ్ చేస్తున్నారు కదా, గోరుకి తగిలీ తగలని గీతలకి అదే చెయ్యొచ్చా?

ఆటోనగర్_పాతకాపు
షాపులో 1500 కొట్టేది కొత్తగా వేసిన క్లియర్ మీద. అక్కడ రెండు, మూడు కోట్లు మందంగా వేసి, మళ్లీ దించుకుంటారు. ఆ లెక్క కంపెనీ క్లియర్‌కి పనికిరాదు. తప్పదనుకుంటే మందం చూసే మీటరు ఉండాలి, 3000 పేపరు పావుగంట నీళ్లలో నానాలి, వెనక రబ్బరు బ్లాకు ఉండాలి, గీత మీద అయిదారు లాగుళ్లకి మించకూడదు. మీటరు లేకపోతే ఆ గీతతోనే బతకండి.

పోరంకి_టచప్
ప్రైమర్ దాకా దిగిన వాటికి టచప్ ఒక్కటే దారి. డోరు పిల్లర్ మీదో ఇంజిన్ గదిలోనో ప్లేటు మీద రంగు కోడు ఉంటుంది. మారుతి సుపీరియర్ వైట్‌కి 26యూ, సిల్కీ సిల్వర్‌కి జెడ్2ఎస్, అలా. ఆ కోడు చెబితే ఆటోనగర్ పెయింటు షాపుల్లో కలిపిస్తారు. కానీ బండి ఎండకి వెలిసి ఉంటుంది, అందుకే ఇంధనం మూత తెచ్చి పోల్చుకుని కలిపించుకోవడం మంచిది.

సీసా బ్రష్ లావుగా ఉంటుంది, వాడొద్దు. సున్నా నంబరు బ్రష్ గానీ, పళ్లపుల్ల గానీ తీసుకుని గీత లోపల మాత్రమే నింపండి. ఒకేసారి నింపితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి, తర్వాత కుంగుతుంది. పల్చగా ఒక పూత, అరగంట ఆగి ఇంకోటి. రంగు చుట్టూ ఉన్న ఎత్తుకి కాస్త తక్కువలో ఆపి క్లియర్‌తో మిగతాది నింపాలి, ఒక వెంట్రుక ఎత్తు ఎక్కువే ఉండాలి. వారం తర్వాత ఆ ఎత్తుని మాత్రం 2000, తర్వాత 3000తో దించి పాలిష్ చెయ్యండి. రేకు కనపడితే రంగు కంటే ముందు ప్రైమర్. వానాకాలంలో ముసురు రోజున ఈ పని పెట్టుకోకండి, తేమకి క్లియర్ పాలలా తెల్లగా మసకబారుతుంది. మెటాలిక్ రంగుల్లో మెరుపు రేకులు పరుచుకునే తీరు స్ప్రేకీ బ్రష్‌కీ ఒకటి కాదు. కాబట్టి తుప్పు ఆగుతుంది, మచ్చ మాత్రం కనపడుతుంది.

భీమవరం_టు_బెజవాడ
ఇన్సూరెన్సులో పెట్టేస్తే పోలా అనుకునేవాళ్లు ఒక లెక్క చూసుకోండి. 1500 సీసీ వరకు వెయ్యి రూపాయలు, ఆపైన రెండు వేలు ఎటూ మన జేబులోంచే. క్లెయిము పెడితే నో క్లెయిమ్ బోనస్ సున్నాకి పడుతుంది. అయిదేళ్లు క్లెయిము లేకుండా వచ్చిన 50 శాతం తగ్గింపు ఒక్క డోరు గీతకి పోగొట్టుకోవడం శుద్ధ దండగ.

లక్ష్మీపురం_సెడాన్
దుర్గగుడి దగ్గర వాహన పూజ అయ్యాక బానెట్ మీద పసుపు, కుంకుమ ఉండిపోతాయి. అవి తీసేటప్పుడు కూడా గీతలు పడుతున్నాయి.

గొల్లపూడి_రోడ్డు
గోటితో గీకడం వల్లే. తడి గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచండి, మెత్తబడ్డాక నీళ్లతో జార్చండి. పసుపు మరక ఎండకి దానంతటదే వెలిసిపోతుంది. మరక కోసం కాంపౌండ్ తియ్యకండి.

కొరిటెపాడు_హ్యాచ్
పీపీఎఫ్ (పెయింటు మీద అంటించే రక్షణ ఫిల్మ్), సిరామిక్ కోటింగ్ ఉన్న బళ్లకి కూడా ఇదే పద్ధతా?

బ్రాడీపేట_పాలిష్
కాదు. పీపీఎఫ్ మీద కాంపౌండ్ అసలు పెట్టకండి. మంచి ఫిల్మ్ అయితే సన్న గీతలు చేతికి సురుక్కుమనేంత వేడినీళ్లు పోస్తే వాటంతటవే మూసుకుంటాయి, మరిగే నీళ్లు అక్కర్లేదు. సిరామిక్ పొర కాంపౌండ్‌తో ఆ చోట లేచిపోతుంది, రుద్దాక ఆ ప్యానెల్‌కి మళ్లీ వేయించుకోవాలి. మ్యాట్ ఫినిష్‌కి మాత్రం ఏ పాలిషూ వద్దు, రుద్దినచోట మెరుపు వచ్చి ఆ మచ్చ ఇక పోదు.