ఖాట్మండు ఐదు రోజులు: ఓటరు కార్డు, మోకాళ్ల నొప్పులు, దసరా సెలవులు

ప్రశ్న (నల్గొండ): అందరికీ నమస్కారం. నేను టీచర్‌ను. మా పెళ్లయి ఇరవై ఐదేళ్లు నిండుతున్నాయి. ఇన్నేళ్లలో మేమిద్దరమే కలిసి పోయిన ఊరు ఒక్కటి లేదు, ఎటు పోయినా పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉన్నారు. ఈ దసరాకు ఖాట్మండు పోదామనుకుంటున్నాం. నాకు పాస్‌పోర్టు ఉంది, మా ఇంటామెకు లేదు. ఆధార్ సరిపోతుందా? ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటేనే భయం. టూర్ వాళ్లు మూడు రోజుల్లో పద్నాలుగు చోట్లు చూపిస్తామంటున్నారు. డబ్బు కట్టవచ్చా?

జవాబు (మిర్యాలగూడ): అన్నా, ముందు కార్డు సంగతి. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. కానీ విమానంలో పోవాలంటే పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉండాలి. ఆధార్ పదిహేనేళ్ల లోపు పిల్లలకు, అరవై ఐదు దాటిన పెద్దలకు మాత్రమే చెల్లుతుంది. వదినది అసలు ఓటరు కార్డు చేతిలో ఉంచుకోండి, ఫోన్‌లో ఫోటోను నమ్ముకోవద్దు. కార్డు పోయి ఉంటే ఎన్నికల సంఘం వాళ్ల ఫారం 8 పెడితే కొత్తది వస్తుంది. ఈ పని ఇవాళే మొదలుపెట్టండి.

డబ్బు గురించి టెన్షన్ వద్దు. మన వంద వాళ్ల 160. వంద నోట్లు ఎక్కువ పెట్టుకోండి. 2024 నుంచి చాలా దుకాణాల్లో మన యూపీఐ కూడా నడుస్తోంది. గుడి కూడళ్ల దగ్గర టికెట్ కొనేటప్పుడు కార్డు చూపించండి, మనలాంటి దక్షిణాసియా (సార్క్) దేశాల వాళ్లకు రేటు తక్కువ.

ఇక ఆ పద్నాలుగు చోట్ల ప్యాకేజీ దయచేసి తీసుకోకండి. మేం అలాంటిదాంట్లోనే పోయాం. ఖాట్మండు దగ్గరి పాత ఊరు భక్తపూర్‌లో నలభై నిమిషాలు ఇచ్చి బస్సెక్కించారు. నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

జవాబు (మహబూబ్‌నగర్): అన్నయ్యా, నాకూ మోకాళ్ల నొప్పులే, కాబట్టి వదిన కోసం చెప్తున్నా. స్వయంభూ స్తూపానికి తూర్పు వైపు నుంచి 365 మెట్లు. అటు పోవద్దు, పడమటి వైపు పైదాకా కారు పోతుంది, అక్కడి నుంచి కొన్ని మెట్లే. ఇంకో స్తూపం బౌద్ధనాథ్ దగ్గర అంతా చదును. మన గుడిలో లాగే కుడి చేతి వైపు తిరుగుతూ ప్రదక్షిణ చేయాలి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పోండి. పశుపతినాథ్‌లో లోపలికి తోలు బెల్టు, తోలు పర్సు రానివ్వరు, రూములోనే వదిలి పోండి.

ఖాట్మండు పక్కనే ఉన్న పాటన్‌లో 1637లో కట్టిన రాతి కృష్ణ మందిరం ఉంది. ఒక అంతస్తు చుట్టూ మహాభారతం, దాని పైన రామాయణం చెక్కారు. కథలు మనకు తెలిసినవే కదా, గైడు లేకుండానే ఒక్కో బొమ్మా గుర్తుపడుతూ మా ఆయనా నేనూ గంట గడిపాం.

భక్తపూర్‌కు ఒక రోజు మొత్తం ఇవ్వండి. 1702 నాటి ఐదంతస్తుల న్యాతపోల గుడి మెట్లకు రెండు పక్కలా కాపలా బొమ్మలుంటాయి. అన్నిటికన్నా కింద మల్లులు, మనిషికన్నా పది రెట్లు బలం. వాళ్లకు పది రెట్లు ఏనుగులు, ఆపైన సింహాలు, అలా పైకి. వదిన ఎక్కనక్కర్లేదు, ఎదురుగా కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి. పక్కనే జుజు ధౌ తినండి. మట్టి ముంతలో తోడుపెట్టిన తియ్యటి పెరుగు, చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా ఉంటుంది.

ఒక్క మాట. మన దసరాకే వాళ్లకు దశైన్, అతి పెద్ద పండుగ. విజయదశమి చుట్టూ జనం సొంతూళ్లకు పోతారు, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. తినే వసతి ఉన్న హోటల్లోనే దిగండి. ఖాట్మండులోని తలేజు గుడిని జనానికి ఏడాదిలో నవమి ఒక్కరోజే తెరుస్తారు. ఆ రోజుకు అక్కడ ఉంటే మాత్రం పొద్దున్నే లైన్‌లో నిలబడండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ప్యాకేజీ వద్దని చెప్పేశాను. కార్డు దేవరకొండలో అత్తగారింట్లో దొరికింది, కానీ అందులో పెళ్లికి ముందు ఇంటిపేరే ఉంది.

జవాబు (మిర్యాలగూడ): ఫోటో గుర్తుపట్టేలా ఉందా? ఉంటే కార్డులో పేరు ఎట్లుందో టికెట్ అక్షరం పొల్లుపోకుండా అట్లే తీయండి. పేరు మార్పించుకోవాలనుకుంటే టైం ఉంది, ఫారం 8తోనే ఆ పనీ అవుతుంది. అలా చేస్తే మాత్రం కొత్త కార్డు చేతికొచ్చాకే టికెట్ బుక్ చేయండి.