బిల్డింగ్ గోడ మీద వెలుగుతో రాసే గ్రాఫిటీ: మన సీమలో చేసినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి

హంద్రీ_గట్టు (కర్నూలు)
అన్నలూ అక్కలూ, బిల్డింగ్ గోడ మీద జనాలే లేజర్ పెన్నుతో రాస్తా ఉంటే వెలుగు గీతలు పడే సెటప్ మా కాలేజీ ఫెస్ట్‌లో పెట్టాలనుకుంటున్నాం. న్యూయార్క్‌లో ఇవాన్ రాత్, జేమ్స్ పౌడర్లీ మొదలుపెట్టిన గ్రాఫిటీ రీసెర్చ్ ల్యాబ్ వాళ్లు 2007లో రోటర్‌డామ్‌లో పెద్ద బిల్డింగ్ మీద చేసినారు, ఆ వీడియో చూసినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. రంగు అంటదు, గోడ చెడదు. మన ఊర్లో గోడలంటే పార్టీల రాతలు, కోచింగ్ సెంటర్ల యాడ్లే కదా, మామూలు మనిషికి గోడ మీద జాగా యాడుంది? అందుకే పట్టుదలగా ఉన్నాం. ఎట్లాంటి గోడ, ప్రొజెక్టర్ వెలుతురు ఎన్ని ల్యూమెన్స్ ఉండాల, ఏ సాఫ్ట్‌వేర్, తెలిసింది తెలిసినట్టు చెప్పండి.

సర్క్యూట్_సీన (అనంతపురం)
తమ్ముడూ, మేము చదువుకునేటప్పుడు హాస్టల్ గోడ మీద చేసినాం. పని చేసే తీరు సింపులే. ప్రొజెక్టర్ పక్కనే ఒక కెమెరా అదే గోడను చూస్తా ఉంటది, నువ్వు లేజర్ పెడితే ఆ చుక్క యాడుందో పట్టుకొని ల్యాప్‌టాప్‌కి చెప్తది, ల్యాప్‌టాప్ అదే జాగాలో గీత గీసి ప్రొజెక్టర్‌కి పంపుతది. కెమెరాకు గోడ వంకరగా కనపడతది కాబట్టి ముందే నాలుగు మూలలూ క్లిక్ చేసి కాలిబ్రేట్ చెయ్యాల, లేకుంటే చుక్క ఒకచోట గీత ఇంకోచోట. వెబ్‌క్యామ్‌లో ఆటో ఎక్స్‌పోజర్ కచ్చితంగా ఆపెయ్. అది ఆన్‌లో ఉంటే చీకట్లో కెమెరా తనంతట తానే వెలుతురు పెంచుకొని, ప్రొజెక్టర్ వేసిన గీతనే లేజర్ అనుకొని దాని మీదే మళ్లీ మళ్లీ గీస్తా పోతది. కెమెరా ప్రివ్యూలో చుక్క తప్ప ఏమీ కనపడకూడదు, అంత తగ్గించు. లేజర్ ఆకుపచ్చది అయితే గీతకు ఆకుపచ్చ రంగు పెట్టొద్దు, కెమెరా తికమక పడతది. రోటర్‌డామ్‌లో వాడిన కోడ్ థియో వాట్సన్ రాసింది, ఓపెన్‌ఫ్రేమ్‌వర్క్స్ అనే సీ ప్లస్ ప్లస్ టూల్‌కిట్‌లో ఉంటది, అందరికీ ఓపెన్‌గానే ఇచ్చినారు. సీ ప్లస్ ప్లస్ రాకపోతే పైథాన్, కెమెరా బొమ్మల్ని చదివే ఓపెన్‌సీవీ లైబ్రరీ పెట్టుకొని సొంతంగా రాసుకోవచ్చు, పెద్ద కోడ్ కూడా కాదు.

నల్లబండ (కడప)
పెండ్లిళ్లకు లైటింగ్, ప్రొజెక్టర్లు పెట్టే పని మాది, ఆ సంగతి నేను చెప్తా. ముందు గోడ, ల్యూమెన్స్ తర్వాత. సున్నం కొట్టిన తెల్ల గోడ దొరికితే సగం పని అయిపోయినట్టే. మా కడపలో నల్ల బండలు అతికించిన గోడలు ఉంటాయి చూడు, వాటి మీద ఎంత పెద్ద ప్రొజెక్టర్ పెట్టినా వెలుగంతా తాగేస్తాయి. అద్దాల షోరూంలు అసలే వద్దు. ఇంకోటి, బొమ్మ వెడల్పు రెండింతలు చేస్తే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతది. క్లాస్‌రూంలో పెట్టే 3000 ల్యూమెన్స్ ప్రొజెక్టర్ 3 మీటర్ల బొమ్మకు బాగుంటది, దాన్నే 12 మీటర్లకు సాగదీస్తే పదహారో వంతే మిగుల్తది, ఎవరికీ ఏమీ కనపడదు. త్రో రేషియో, అంటే బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ పెట్టాలో ఆ లెక్క, 1.5 అయితే 10 మీటర్ల బొమ్మకు 15 మీటర్ల దూరం కావాల, మన బజార్లలో అంత జాగా యాడుంటది, ఎదురు మిద్దె ఎక్కించాల్సిందే. గోడ పక్కన ఎల్‌ఈడీ వీధి లైటు ఉంటే ఆ కాసేపు ఆపించుకోండి, అది ఆగకపోతే మిగతా కష్టమంతా దండగ.

ఒత్తుల_రాణి (కర్నూలు)
ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు, తెలుగులో రాయడం. రోటర్‌డామ్‌లో వాడిన ఆ ప్రోగ్రాం చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో గీకే ఇంగ్లీష్ సంతకాల కోసం చేసింది. మనకు 'కర్నూలు' అని రాయాలంటేనే క, దాని తలకట్టు, ర, దాని దీర్ఘం, కింద న ఒత్తు, ఇట్ల ఎన్నిసార్లు చెయ్యి ఎత్తాలో చూడండి. లేజర్ ఆపినాక గీత అయిపోయిందని ప్రోగ్రాం అనుకోవడానికి పట్టే టైం ఎక్కువ పెడితే, తలకట్టుకూ ఒత్తుకూ మధ్య అడ్డంగా ఒక గీత పడిపోతది. మరీ తక్కువ పెడితే గోడ గుంతల్లో చుక్క కనపడనప్పుడల్లా అక్షరం తెగిపోతది. గోడ దగ్గరే నిలబడి మార్చి మార్చి చూసుకోవాల. పెయింట్ కారినట్టు గీతలు కిందికి జారే ఎఫెక్ట్ ఒకటి ఉంటది కదా, చూడ్డానికి భలే ఉంటది గానీ పై గీత కారి ఒత్తు మీద పడితే అది న ఒత్తో ల ఒత్తో తెలియదు. తెలుగుకు అది ఆపెయ్యండి. మా అమ్మ గోడ మీద తన పేరు ఇంత పెద్దగా రాసుకొని ఫోటో తీయించుకుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, తెలుగు సరిగ్గా పడాల.

పాతూరు_టీచర్ (అనంతపురం)
పిల్లలు వచ్చే చోట లేజర్ వద్దు నాయనా. దూరం గోడకు 5 మిల్లీవాట్లు చాలదని ఎక్కువ పవర్‌ది కొంటారు, అది కంట్లో పడితే చూపు పోతది, కిటికీ అద్దం మీద పడి తిరిగొచ్చినా ప్రమాదమే. ఆకాశం వైపు అసలు తిప్పనియ్యొద్దు, కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి. మా స్కూల్లో ఫోన్లతో చేసినాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఒక పేజీ వస్తది, వేలితో గీస్తే వైఫై మీద ల్యాప్‌టాప్‌కి పోయి గోడ మీద పడతది. ఒకేసారి చాలామంది గీయొచ్చు. అసభ్యంగా రాస్తే తుడిపెయ్యడానికి ఒక మనిషిని ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టండి.

సర్క్యూట్_సీన (అనంతపురం)
టీచర్ గారు చెప్పింది నిజం. ఇంకోటి, ఆ న్యూయార్క్ వాళ్లే మరికొందరితో కలిసి 2009లో ఐరైటర్ అని, కళ్ల కదలికతో గీసే పరికరం చేసినారు. టెంప్ట్ వన్ అనే లాస్ ఏంజిల్స్ గ్రాఫిటీ ఆర్టిస్ట్‌కు ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బొచ్చి కాళ్లు చేతులు కదలకుండా పోయినాయి, హాస్పిటల్ బెడ్ మీద నుంచే కళ్లతో గీస్తే ఊర్లో బిల్డింగ్ మీద పడింది. మీ ఫెస్ట్‌లో కూడా నడవలేనోళ్లకు ఒక ట్యాబ్ ఇచ్చి గీయించండి, ఖర్చేమీ కాదు.

హంద్రీ_గట్టు (కర్నూలు)
అందరికీ చాలా థ్యాంక్స్. ఫోన్, లేజర్ రెండూ పెడతాం, లేజర్ మా వాలంటీర్ చేతిలోనే ఉంటది. కొండారెడ్డి బురుజు మీద వేస్తే ఎట్లుంటదంటారు?

నల్లబండ (కడప)
వెలుగుతో రాయికేమీ కాదు గానీ అది రక్షిత కట్టడం, పురావస్తు శాఖ పర్మిషన్ కావాల, ట్రాఫిక్ ఆగుతది కాబట్టి పోలీసులనూ అడగాల. పైగా పాత రాయి, వెలుగు తాగుతది. ఈసారికి మీ కాలేజీ తెల్ల గోడ మీదే చెయ్యండి, ఆ వీడియో తీసుకొని పోయి పర్మిషన్ అడగండి. ప్రొజెక్టర్ కావాలంటే మెసేజ్ పెట్టు, డీజిల్ ఖర్చు ఇస్తే చాలు, నేనే తెస్తా.