స్పెన్సర్ ప్లాజా వెలవెలబోయింది కొత్త మాల్స్ వల్లా, ముక్కలుగా అమ్మిన షాపుల వల్లా?

మౌంట్‌రోడ్_మూర్తి: మౌంట్ రోడ్డు మీద 1983లో కాలిపోయిన పాత స్పెన్సర్ షాపు స్థలంలో లేచిందే ప్లాజా. తొంభైల్లో చెన్నైలో మాల్ అంటే అదే. 2010లో కూతవేటు దూరంలో ఎక్స్‌ప్రెస్ ఎవెన్యూ, 2013లో వేళచ్చేరిలో ఫీనిక్స్ వచ్చాయి. వాటిలో సినిమా హాళ్ళున్నాయి, ఇక్కడ లేవు. ఇంకా చర్చేముంది?

లీజుబాబు: సినిమా సంగతి పక్కన పెట్టండి మూర్తిగారూ. ప్లాజాలో షాపులు విడివిడిగా అమ్మేశారు. కొత్త మాల్స్ వాళ్ళు అద్దెకే ఇస్తారు. కనీస అద్దె, అమ్మకాల్లో వాటా: ఏది ఎక్కువైతే అది కట్టాలి. అందుకే షాపు బిల్లింగ్ లెక్క మాల్ ఆఫీసుకు పోతుంది. బేరాల్లేని షాపును లీజు ముగియగానే ఖాళీ చేయించి వేరే బ్రాండును దింపుతారు. ఫుడ్ కోర్టు పై అంతస్తులో ఎందుకుంటుందనుకున్నారు? జనాన్ని పైకి లాగడానికే. వందలమంది ఓనర్లున్న చోట ఏ షాపు ఎక్కడుండాలో ఎవరు చెప్పాలి? వరసగా మూడు సెల్ కవర్ల కొట్లు, పక్కన గోడౌన్, ఆ పక్కన తాళం.

టీనగర్_వనజ: మా టీనగర్ బజారు, రంగనాథన్ వీధిలో ఓనర్లెంతమంది? అక్కడ జనం తగ్గారా?

లీజుబాబు: వీధికి ఏసీ ఉండదమ్మా.

చిల్లర్_శీను: ఆ ఏసీ దగ్గరే మొదలవుతుంది జబ్బు. సెంట్రల్ చిల్లర్, అంటే బిల్డింగంతటికీ నీళ్ళు చల్లబరిచే యంత్రం. ఆ నీళ్ళు అన్ని షాపులకూ ఒకే పైపులైన్లో తిరుగుతాయి. ఆ నీళ్ళు ఆపేందుకు షాపుకో వాల్వు, వాడిన చల్లదనం కొలిచే బీటీయూ మీటరు పెట్టకపోతే మెయింటెనెన్స్ కట్టనివాడికీ చల్లగానే ఉంటుంది. బాకీలు పెరిగితే ఓనర్ల అసోసియేషన్ ముందు కోసేది, చిల్లర్ వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్ నీళ్ళ శుద్ధి ఖర్చు. కండెన్సర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, చల్లదనం రాదు. అప్పుడు ఎవరికి వాళ్ళు స్ప్లిట్ ఏసీ పెట్టి అవుట్‌డోర్ యూనిట్‌ను కారిడార్లో బిగిస్తారు. ఆ వేడంతా నడిచేవాళ్ళ మొహానే.

మౌంట్‌రోడ్_మూర్తి: ఏసీ బాగుచేస్తే సినిమా హాలు వస్తుందా?

అడయార్_రవి: మూర్తిగారు సినిమా వదలరు 😀

టీనగర్_వనజ: కొత్త మాల్ లెక్కా చెప్పండి మరి. లోపల వాడుకునేది 200 చదరపు అడుగులు. కారిడార్లు, మెట్ల వాటా కింద అరవై శాతం లోడింగ్ వేస్తే బిల్లు 320కి. అద్దె, మెయింటెనెన్స్ రెండూ దాని మీదే, పైన 18 శాతం జీఎస్టీ. అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారికి ఆ పన్ను తిరిగి రాదు. పెద్ద స్టోరుకు అడుగు అద్దె తగ్గించి, ఆ లోటు ఇతని దగ్గర లాగుతారు. టైలరు, వాచీ రిపేరువాడు అక్కడ ఎందుకు కనబడరో ఇప్పుడు అర్థమైందా?

లీజుబాబు: వాచీ రిపేరు కోసం ఎవరూ మాల్ కట్టరు.

టీనగర్_వనజ: చూశారా, అసలు మాట ఇప్పుడొచ్చింది! మీకు కావాల్సింది మంచి నిర్వహణ కాదు, చిన్నవాడు లేని మాల్.

లీజుబాబు: మీకు కావాల్సింది మాల్ కాదు, ఏసీ ఉన్న బజారు. ఆ ఏసీ డబ్బులు మాత్రం పక్కవాడు కట్టాలి.

మౌంట్‌రోడ్_మూర్తి: మెట్రో మరిచారు. పనులు జరిగినన్నాళ్ళూ మౌంట్ రోడ్ నరకం. ప్లాజా దగ్గరి ఎల్ఐసీ స్టేషన్ మీదుగా రైలు నడిచింది 2019లో, అప్పటికే జనానికి వేరే దారి అలవాటైపోయింది.

చిల్లర్_శీను: సరే గానీ, రెండో అంతస్తు ఎస్కలేటర్‌కు మెట్లను లాగే స్టెప్ చైన్ మార్చాలనుకోండి. కింది అంతస్తు ఓనరు ‘నాకెందుకు’ అంటాడు. వాటా ఎలా పంచుతారో ఇద్దరిలో ఒక్కరు చెప్పండి.

టీనగర్_వనజ: అడుగుల లెక్కన, అందరికీ.

లీజుబాబు: కట్టనివాడికి?

చిల్లర్_శీను: వాల్వు.