నవల చివర్లో కూతురు అమ్మని క్షమించి తీరాలా?

కొరుక్కుపేట అమ్మాయి:

మూడేళ్లుగా రాస్తున్న నవల పోయిన నెల పూర్తయింది. రాతప్రతి మన చెన్నై పాఠకుల్లో ఆరుగురికి ఇచ్చాను. అందులో నలుగురు ఒకటే మాట చెప్పారు: తల్లీకూతుళ్లు చివర్లో కలవాలి, లేకపోతే మనసు ఒప్పదు అని. నాకేమో అలా రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. తొంభైల నాటి కొరుక్కుపేట, రైలుపట్టాల పక్క గుడిసెలు. నెల్లూరు వైపు నుంచి కూలికొచ్చిన కుటుంబం. నాన్న సంపాదన బ్రాందీ షాపుకే సరి. అమ్మ చిత్తాళు పనికి పోతుంది (బిల్డింగుల దగ్గర ఇసుకా కంకరా మోసే ఆడవాళ్లని ఇక్కడ అలాగే అంటారు). పిల్లకి ఆరేళ్లు. మెడలో పురికొసకి కట్టిన తాళంచెవి. బడి నుంచి వచ్చి తనే తాళం తీసుకుంటుంది, గిన్నెలో ఏమైనా ఉంటే తింటుంది, లేకపోతే పడుకుంటుంది. కార్పొరేషన్ తెలుగు బడి, తర్వాత డిగ్రీ, ఉద్యోగం. చివరి అధ్యాయంలో ఆమెకి 32 ఏళ్లు. అమ్మ ఆసుపత్రిలో ఉందని ఫోనొస్తుంది. వెళ్తుంది, మందులు కొనిస్తుంది, రాత్రంతా వరండాలో బెంచీ మీద కూర్చుంటుంది. వార్డులోకి మాత్రం వెళ్లదు. అక్కడ ఆపేశాను.

ఇందులో చాలావరకు నా బతుకే, దాచను. కానీ ఒక్కటి గమనించండి. అన్నం లేని రోజుల గురించి అమ్మని తప్పుపడుతూ నేను ఒక్క వాక్యం రాయలేదు. లేనప్పుడు ఎక్కడి నుంచి తెస్తుంది? నేను రాసింది వేరే. మూడు రోజులు జ్వరంతో పడి ఉంటే నుదుటి మీద చెయ్యి వెయ్యకపోవడం. బడిలో ఇచ్చిన బహుమతి చూపిస్తే తలెత్తకుండా "ఆడ పెట్టు" అనడం. మా పక్క గుడిసె ఆవిడా చిత్తాళే, అదే మేస్త్రీ కిందే. రాత్రిపూట బుడ్డి దీపం దగ్గర కూర్చోబెట్టుకుని ముగ్గురు పిల్లలకీ పేలు చూసేది, జడలేసేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఇద్దరిదీ ఒకే లేమి కదా, మరి ఆ తేడా ఎక్కడిది?

వడపళని పాఠకుడు:

ఆ నలుగురిలో నేనొకణ్ణి అమ్మా. తల్లీకూతుళ్లు కౌగిలించుకుని ఏడిస్తే బాగుంటుందని నేను అనలేదు. నా అభ్యంతరం వేరు.

ఎదగడం మీద నవల అంటే పైకి రావడం ఒక్కటే కాదు, చూపు కూడా పెరగాలి. మొదటి అధ్యాయంలో ఆరేళ్ల పిల్లకి ఏ అమ్మ కనిపించిందో, చివరి అధ్యాయంలో 32 ఏళ్ల మనిషికీ అదే అమ్మ కనిపిస్తోంది. అప్పుడు కాలేజీ వచ్చింది, జీతం వచ్చింది, బెంచీ మీద కూర్చునే ఓర్పు వచ్చింది గానీ ఆ పిల్ల ఎక్కడ ఎదిగింది? మీ నవలలో అమ్మకి ఊరి పేరుంది గానీ చిన్నతనం లేదు. ఆవిడ ఏ వయసులో పెళ్లి చేసుకుందో కూడా రాయలేదు. క్షమించమని అడగను. చూడమంటున్నాను.

తాంబరం లెక్చరర్:

నేను రాతప్రతి చదవలేదు. ఈ ప్రశ్న మాత్రం పాతదే కాబట్టి ఒక సంగతి చెప్తాను.

ఇంగ్లీషు నవలా రచయిత చార్లెస్ డికెన్స్‌ని 12 ఏళ్లకి, 1824లో, లండన్‌లో బూట్లకి వేసే నల్లరంగు తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. డబ్బాలకి చీటీలు అతికించే పని. తండ్రి అప్పుల కింద మార్షల్సీ జైల్లో ఉన్నాడు. ఇంతవరకు పేదరికం. తండ్రి విడుదలయ్యాక, ఫ్యాక్టరీ వాళ్లతో మాటామాటా వచ్చి పిల్లాణ్ణి పని మానిపించాడు. తల్లి మాత్రం వాళ్లతో రాజీ కుదిర్చి మళ్లీ అక్కడికే పంపాలని చూసింది. ఫ్యాక్టరీ కన్నా ఆ రెండో సంగతే ఆయన్ని జీవితాంతం బాధించింది. తల్లి అలా చూసిందన్న మాట మరిచిపోలేనని స్నేహితుడు ఫార్‌స్టర్ చేతికిచ్చిన కాగితాల్లో రాసుకున్నాడు. 1870లో ఆయన పోయాకే ఈ విషయం లోకానికి తెలిసింది.

ఇక 1849, 50లలో రాసిన నవల డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌లో ఏం చేశాడు? పిల్లాడు పనిలోకి వెళ్లే ముందే తల్లిని చంపేశాడు, అది కూడా మెత్తటి, ప్రేమగల తల్లిగా. అప్పులపాలైన తండ్రి ఛాయలు మికాబర్ అనే పాత్రకి వెళ్లాయి. తనని మళ్లీ ఫ్యాక్టరీకి పంపమన్న తల్లి నవలలో ఎక్కడా లేదు. అంత పెద్ద రచయిత కూడా ఆ తల్లిని కాగితం మీద పెట్టలేకపోయాడని నాకనిపిస్తుంది. మీరు పెట్టారు. అది తీసెయ్యకండి.

పెరంబూరు టీచరమ్మ:

కార్పొరేషన్ బడిలో 31 ఏళ్లు చెప్పాను, అందులో సగం తెలుగు మీడియం క్లాసులే. రాతప్రతి రెండుసార్లు చదివాను. మెడలో తాళంచెవి ఉన్న పిల్లలు ప్రతి క్లాసులోనూ నలుగురైదుగురు ఉండేవారు. ఆటల పీరియడ్లో ఆ చెవి గుండెకి కొట్టుకుంటూ శబ్దం చేసేది.

సోమవారం మధ్యాహ్నం వంట ఆయమ్మ అన్నం ఎక్కువ వండేది. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆవిడకి తెలుసు. శని, ఆదివారాలు బడి ఉండదు కదా. నీ నవలలో ఈ అన్నానికి ఒకే ఒక్క వాక్యం ఉంది, "మధ్యాహ్నం బడిలో తినేది" అని. అది నాకు కష్టమనిపించింది తల్లీ. పట్టుదలతో చదువుకుంది, పట్టుదలతో పైకొచ్చింది అని పేజీలకి పేజీలు రాశావు. పట్టుదల ఖాళీ కడుపుతో ఎంతసేపు నిలబడుతుంది? మన ఊళ్లోనే, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో 1920లో పిల్లలకి టిఫిన్ పెట్టడం మొదలైంది. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి గారు. తలకి రోజుకి అణా మించకూడదని లెక్క. 1950లలో కామరాజ్ గారు రాష్ట్రమంతా తెచ్చారు, 1982లో ఎంజీఆర్ గారు సత్తుణవు (పోషకాహారం) పేరుతో ఇంకా పెంచారు. నువ్వు తిన్న ఆ పళ్లెం వెనక ఇంతమంది ఉన్నారు. అమ్మ చెయ్యలేనిది ఇంకెవరో చేశారన్న సంగతి ఆ పిల్ల ఎదిగాకైనా తెలుసుకోవాలి.

ఇక నీ ప్రశ్న. పట్టించుకోకపోవడం వేరు, పేదరికం వేరు అన్నావు. నిజమే. రిటైరయ్యాక అన్నానగర్లో డబ్బున్న ఇళ్లల్లో ట్యూషన్లు చెప్పాను. గదికో ఏసీ ఉండి, పిల్లాడు రెండ్రోజులుగా అన్నం ముట్టలేదని ఎవరికీ తెలియని ఇల్లు చూశాను. కాబట్టి నీ కోపం కోపమే, దాన్ని పేదరికం పేరుతో కొట్టెయ్యను.

లా చదువుతున్నా:

టీచర్ గారు చెప్పిన తేడాని చట్టం కూడా కొంతవరకు గుర్తించింది. పిల్లల రక్షణ కోసం ఉన్న 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ పిల్లల్ని కావాలని నిర్లక్ష్యం చెయ్యడాన్నీ వదిలెయ్యడాన్నీ నేరంగా చూస్తుంది. అయితే కన్న తల్లిదండ్రులు తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల పిల్లని వదిలెయ్యాల్సి వస్తే, అది కావాలని చేసింది కాదనే అనుకోవాలని అక్కడే రాసి ఉంది.

ఇంకోటి. కట్టడ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టంలో 35వ సెక్షన్ ప్రకారం, మామూలుగా 50 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకి గది ఏర్పాటు చెయ్యాల్సి ఉండేది, చూసుకోవడానికి మనిషిని పెట్టాల్సి ఉండేది. నవలలో మేస్త్రీ దగ్గర ఉన్నది ఎనిమిది మంది చిత్తాళ్లు. అలాంటి పనుల్లో ఆ సెక్షన్ వర్తించేది కాదు. అదీగాక ఈ పిల్లకి ఆరేళ్లు నిండాయి. అంటే అక్క చెప్పిన తాళంచెవి పిల్ల ఏ లెక్కలోకీ రాలేదు.

పల్లికరణై, మేస్త్రీ కొడుకు:

అక్కా, మా నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. మా అమ్మ 19 ఏళ్లు చిత్తాళు పని చేసింది. మీరు రాసింది నిన్న రాత్రి ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన మొదటి మాట ఇది: "ఆ పక్కింటావిడ ఇంట్లో ముసలోళ్లు ఎవరైనా ఉండారా?"

వంట ఎవరు చేశారు, బిందెలు లైన్లో ఎవరు పెట్టారు, లారీ నీళ్లు ఎవరు పట్టారు అని అడుగుతోంది. ఇవన్నీ ఇంకొకరు చేస్తేనే రాత్రి జడ వెయ్యడానికి చేతులు మిగుల్తాయంట.

ఇంకోటి కూడా చెప్పింది. సిమెంటు మాలు చేత్తో కలుపుతారు కదా. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది, గోళ్ల పక్కన పుళ్లు పడతాయి, అరచెయ్యి ఉప్పుకాయితంలా అవుతుంది. నాకు జ్వరమొస్తే నుదురు ముట్టుకోబోయిందంట, నేను కెవ్వున అరిచానంట. ఆ తర్వాత మోచేతి వెనకవైపు ఆనించి చూసేదంట. నాకు ఇది తెలియదు. 27 ఏళ్లకి నిన్ననే విన్నాను.

మీ అమ్మగారి సంగతీ ఇదేనని నేను అనను. అది మీకే తెలుసు.

మాధవరం నుంచి:

పై మాట చదివి నాకూ కళ్లు తడిశాయి. అయినా ఒకటి అడగాలి.

పొద్దుట్నుంచి ఇంతమంది మాట్లాడారు. అమ్మని క్షమించాలా, చూడాలా, అర్థం చేసుకోవాలా అని. నాన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కూలి డబ్బు బ్రాందీ షాపులో పోసొచ్చిన మనిషి ఆ మూడు రోజుల జ్వరంలో ఎక్కడున్నాడు? ఆయన చెయ్యి ఆ నుదుటి మీద పడలేదని ఎవరికీ లోటుగా తోచలేదు. చివరి అధ్యాయంలో కూతురు ఆయన్ని క్షమించిందా లేదా అని ఆ నలుగురు అడిగారా?

మనం తల్లి దగ్గర మాత్రమే లెక్క అడుగుతాం, తర్వాత కూతురి దగ్గర క్షమ అడుగుతాం. రెండుసార్లూ ఆడవాళ్లే ఇవ్వాలి. నా సొంత ఇంట్లో ఇది చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా. కారణం తెలిసినంత మాత్రాన పిల్లకి జరిగింది జరగకుండా పోదు. తను వార్డులోకి వెళ్లనంటే వెళ్లదు, అంతే.

వడపళని పాఠకుడు:

నిజం. నేను అడగలేదు. ఆయన తాగుడు నాకు గుడిసె పైకప్పు కారినట్టు, అక్కడ ఉండే ఒక కష్టంగా అనిపించింది గానీ, ఒక మనిషి చేసిన పనిగా తోచలేదు. చదవడంలో నాది తప్పు. కానీ నవలలోనూ ఆయన నాలుగు పేజీల్లోనే ఉన్నాడు, మాట్లాడింది రెండుసార్లు. అది రచయిత్రి చూసుకోవాల్సిందే.

కొరుక్కుపేట అమ్మాయి:

రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. అందరికీ నమస్కారం.

పల్లికరణై తమ్ముడూ, మీ అమ్మగారు అడిగింది చదివి రాతప్రతి తీసి చూశాను. రెండో అధ్యాయంలో నేనే రాశాను: పక్క గుడిసె ముందు ఒక అవ్వ కాళ్లు చాపుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండేది అని. మంచి దృశ్యమని రాశాను, అంతే. ఆ అవ్వ ఉండబట్టి ఆ జడలు పడ్డాయని 30 ఏళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. మా ఇంట్లో అవ్వ లేదు. నీళ్ల లారీ దగ్గర బిందెతో అమ్మే నిలబడేది, ఒక్కోసారి రాత్రి పదకొండింటికి.

చివరి అధ్యాయం మార్చను. ఆమె వార్డులోకి వెళ్లదు. "ఆడ పెట్టు" అన్న మాటకి నాకు ఇప్పటికీ ఏ అవ్వా, ఏ సిమెంటూ సమాధానం కాలేదు. బహుమతి చూడటానికి చేతులక్కర్లేదు. అది అలాగే ఉంటుంది.

కానీ మూడో అధ్యాయం చింపేసి మళ్లీ రాస్తున్నాను. అమ్మ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంట గంటకీ ఎక్కడుందో, ఏం మోసిందో, పిల్లకి తెలియకపోయినా పాఠకుడికి తెలిసేలా. నాన్నకి కూడా ఒక అధ్యాయం ఇస్తాను. ఆయన గురించి రాయడానికి నాకు భయం, అందుకే నాలుగు పేజీల్లో దాటేశాను. మాధవరం అక్కా, మీరు అనకపోతే అలాగే వదిలేసేదాన్ని. టీచరమ్మా, మా బడి వంట ఆయమ్మ మొహం నాకు గుర్తుంది, గరిటె పట్టుకునే తీరు గుర్తుంది. ఆమెకీ చోటుంటుంది.

తమ్ముడూ, మీ అమ్మగారిని ఒకటి అడిగి చెప్తావా? సాయంత్రం ఆరింటికి పని దిగితే మా అమ్మ ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటేది. మధ్యలో రెండు గంటలు ఎక్కడికి పోయేదని నాకు చిన్నప్పుడు చాలా కోపం. అప్పట్లో చిత్తాళ్లు బస్సులో వచ్చేవాళ్లా?

పల్లికరణై, మేస్త్రీ కొడుకు:

అడిగాను అక్కా. నడిచే వచ్చేవాళ్లంట, ఎంత దూరమైనా. సిమెంటు బట్టలతో బస్సెక్కితే కండక్టర్లు దిగిపొమ్మనేవాళ్లంట. అందుకని మేస్త్రీ ఇచ్చిన బస్సు డబ్బులు మిగిలేవి. మా అమ్మ వాటితో రోజూ నాకు బన్ను తెచ్చేదంట, నిద్రలో ఉంటే లేపి తినిపించేదంట.

నాకు బన్ను గుర్తే లేదు. మిగతావి ఆదివారం అడిగి రాస్తాను.