సమస్యాపూరణం: “మూర్ఖుఁ డనిన మాట ముద్దుమాట”

మాస్టారు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. ఒక్కటే షరతు, అర్థం మారిన ఇంగ్లీషు మాట పద్యంలో ఉండాలి. మా మనవరాలి నోట్‌బుక్‌లో టీచరు ఎర్ర సిరాతో ‘నైస్’ అని రాసింది. ఆ మాట పుట్టుక వెతికాక ఈ పాదం తట్టింది.

ఏలూరు నుంచి:

తెలియనట్టివానిఁ దెలుపు లాటినుమాట
ఫ్రెంచినేల దాటి పేరు మార్చి
ఆంగ్లమందుఁ జేరి హాయిగా నైసయ్యె
మూర్ఖుఁ డనిన మాట ముద్దుమాట.

మాస్టారు: నేను వెతికిన మాటే పట్టారమ్మా. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే తెలియనివాడు. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ‘నైస్’ అంటే తెలివితక్కువ అనే. తర్వాత చాదస్తం, సుకుమారం, సూక్ష్మం అంటూ మెట్టు మెట్టూ ఎక్కి 18వ శతాబ్దంలో ‘బాగుంది’ దగ్గరికి చేరింది. ఒక్క సవరణ: ‘మార్చి’ క్త్వార్థం, అంటే ‘చేసి’, ‘వచ్చి’ లాంటి అసమాపక క్రియ, దానికి సంధి లేదు, యడాగమంతో ‘యాంగ్లమందు’ అనాలి. యా-హా యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి, చెల్లుతుంది.

ఏలూరు నుంచి: దిద్దుకున్నాను మాస్టారూ. ‘హాయిగా’ యతి కోసం వేసింది, అదెక్కడ తప్పవుతుందోనని టెన్షన్ పడ్డాను.

మాస్టారు: నైసు పక్కన చక్కగా ఒదిగింది, ఉండనివ్వండి.

డాలస్ నుంచి:

వెఱ్ఱివాఁ డటంచు వెక్కిరించిన ఫాండు
ప్రేమకొలువు చేరి పేరుగాంచెఁ
గాలగతిని మాఱుఁ గద పలుకుల రీతి
మూర్ఖుఁ డనిన మాట ముద్దుమాట.

మాస్టారు: ‘ప్రేమకొలువు’ చాలా బాగుంది బాబూ. మధ్యయుగపు ఇంగ్లీషులో ‘ఫాన్’ అంటే వెర్రివాడు, ఇప్పుడు ప్రేమగల అనే అర్థంలో వాడే ‘ఫాండ్’ అందులోంచే వచ్చింది. మూడో పాదం మాత్రం ఏ పూరణకైనా అతుకుతుంది. అక్కడ కంటికి కనిపించేదేదైనా కావాలి. షేక్‌స్పియర్ నాటకంలో లియర్ రాజు, తాను వెళ్లగొట్టిన కూతురు తిరిగొచ్చి ఎదురుగా ఉంటే, తానొక ‘ఫాండ్’ ముసలివాణ్ణి అంటాడు. ఆయన ఉద్దేశం మతిలేనివాడనే. కానీ ఆ క్షణాన మనసు నిండా ఉన్నది ఆ బిడ్డే. పాత అర్థం నోట ఉంది, కొత్త అర్థం కళ్లలో ఉంది. అలాంటిది పట్టుకోండి.

డాలస్ నుంచి: ఆ పాదం మళ్లీ రాస్తాను, రేపటిదాకా గడువివ్వండి మాస్టారూ.

వరంగల్ నుంచి:

సిల్లి యనఁగ నాఁడు శ్రీ గలవాఁడౌను
నేఁడు వెఱ్ఱివాని నెత్తి నెక్కె
అమ్మ ‘పిచ్చినాన్న’ యని పిలిచినయట్లు
మూర్ఖుఁ డనిన మాట ముద్దుమాట.

ఏలూరు నుంచి: ‘శ్రీ’ అంటే డబ్బు అనుకోరా?

మాస్టారు: కొందరు అనుకోవచ్చు. ఇక్కడ మాత్రం శుభం అనే తీసుకోవాలి. పాత ఇంగ్లీషులో ‘సిల్లి’ మూలరూపానికి అర్థం ధన్యుడు, దేవుడి చల్లని చూపున్నవాడు. జర్మన్‌లో దాని చుట్టం ఇప్పటికీ ఆ అర్థంలోనే ఉంది. ఇంగ్లీషులో ధన్యుడు అమాయకుడయ్యాడు, అమాయకుణ్ణి చూసి పాపం అన్నారు, చివరికి బుద్ధిలేనివాడన్నారు. నైస్‌కు ఇది పూర్తిగా ఎదురు నడక. ‘నెక్కె’ తర్వాత చుక్క తప్పదమ్మా. కలిపి చదివితే ద్రుతం, అంటే నకారం, వచ్చి ‘నమ్మ’ అవుతుంది, యతి పోతుంది.

మూడో పాదం దగ్గర ఆగిపోయాను. జ్వరంలో మందు మింగనని నేను మొండికేస్తే, మా అమ్మ ‘పిచ్చినాన్నా’ అంటూ నుదురు తడిమి, మాత్రను చెంచాలో అరగదీసి తేనె కలిపేది. ఈ వారం నా ఓటు దీనికే.