'సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్' విషయంలో అభిమానులకూ విమర్శకులకూ ఎందుకు పొసగదు?

ప్రశ్న:
2012లో ప్రసారమైన జపాన్ యానిమే (యానిమేషన్ ధారావాహిక) 'సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్' తొలి సీజన్ 25 ఎపిసోడ్లూ ఈమధ్యే చూశాను. పదివేల మంది ఆటగాళ్లు ఒక వర్చువల్ లోకంలో చిక్కుకుపోవడం, ఆటలో చనిపోతే తలకు తొడుక్కున్న నర్వ్‌గేర్ నిజంగానే ప్రాణం తీయడం, నూరు అంతస్తులూ గెలిస్తే తప్ప విడుదల లేకపోవడం మొదటి ఎపిసోడ్‌లోనే నన్ను కట్టిపడేశాయి. అయితే దీనిని నెత్తిన పెట్టుకునేవారు ఎంతమంది ఉన్నారో, పేరెత్తితేనే విసుక్కునే విమర్శకులూ అంతమంది కనిపిస్తున్నారు. లోపం కథలో ఉందా, మనం ఆశించినదానిలో ఉందా?

మొదటి జవాబు:
నా ఉద్దేశంలో చిక్కంతా ఈ కథ పుట్టిన తీరులోనే ఉంది. మూల రచయిత రెకి కవహార దీనిని ఒక నవలల పోటీ కోసం రాసి, పేజీల పరిమితి దాటిపోవడంతో పంపలేక, 2002 నుంచి ఇంటర్నెట్‌లో ప్రచురించారు. పుస్తకంగా వచ్చింది 2009లో. ఆ మొదటి సంపుటం ఆట మొదలైన రోజును చూపించి, అక్కడి నుంచి దాదాపు రెండేళ్లు దాటి ఏకంగా 74వ అంతస్తుకు దూకుతుంది. మధ్యకాలంలో కథానాయకుడు కిరిటోకు పరిచయమైన సిలికా, లిజ్‌బెత్, సాచీ అనే అమ్మాయిల కథలు తర్వాత విడిగా వచ్చాయి. యానిమే బృందం వాటన్నింటినీ కాలక్రమంలో పేర్చడం వల్ల, నవలలో జ్ఞాపకాలుగా ఒదిగిన కథలు తెరమీద ప్రధాన కథకు అడ్డం వచ్చినట్లయ్యాయి. వారానికొక అమ్మాయి పరిచయమై కనుమరుగవుతోందన్న ఫిర్యాదుకు మూలం ఇదే.

రెండో జవాబు:
పై మాటతో సగమే ఏకీభవిస్తాను, ఎందుకంటే పేర్పు మార్చినంత మాత్రాన తీరని లోపాలు కూడా ఉన్నాయి. 14వ ఎపిసోడ్‌లో ప్రాణాల లెక్క సున్నాకు చేరిన తర్వాత కూడా కిరిటో కేవలం సంకల్పబలంతో కత్తి దూస్తాడు. నియమాలే ప్రాణమైన కథలో ఆ నియమాన్నే పక్కన పెడితే, అప్పటిదాకా ప్రేక్షకుడు పడిన భయానికి విలువేముంటుంది? ఇంత దారుణానికి కారణమేమిటని అడిగితే ఆ ఆటను సృష్టించిన కయాబా తాను కూడా ఎప్పుడో మరిచిపోయానంటాడు. అన్నిటికంటే నన్ను బాధించింది కథానాయిక అసునా విషయం. ఒక గిల్డ్‌కు (ఆటగాళ్ల జట్టుకు) ఉపనాయకురాలిగా ముందు వరుసలో పోరాడిన ఆమెను రెండో సగంలో పంజరంలో కూర్చోబెట్టి, విలన్ క్రూరత్వాన్ని చూపడానికి సాధనంగా వాడుకున్నారు. ఇది కాలక్రమం తెచ్చిన చిక్కు కాదు, రచయిత చేసుకున్న ఎంపిక.

మూడో జవాబు:
విమర్శలు న్యాయమైనవే కానీ, అభిమానులు చూస్తున్నది వేరే కథ అని నాకనిపిస్తుంది. ప్రారంభం చావు ఆటను వాగ్దానం చేస్తుంది. రచయిత మనసు మాత్రం, వర్చువల్ లోకంలో గడిపిన రోజులు నిజమైన జీవితమా కాదా అన్న ప్రశ్న మీదే ఉంది. 22వ అంతస్తులో కిరిటో, అసునాల చెక్క ఇల్లు, వాళ్లు యుయీ అనే పాపను కూతురిగా స్వీకరించడం వంటివి మొదటి కథ కోసం వచ్చినవారికి సాగదీతగానూ, రెండో కథ కోసం వచ్చినవారికి సారంగానూ తోస్తాయి. (కజియురా యుకి సంగీతం మాత్రం ఇద్దరినీ ఒప్పిస్తుందనుకుంటాను.) 2014 నాటి రెండో సీజన్‌లో 'మదర్స్ రొజారియో' భాగం తప్పక చూడండి. అక్కడ చావు ఆట ఉండదు, కథను నడిపేది అసునాయే, ఆసుపత్రి మంచం మీది నుంచి వర్చువల్ లోకంలోనే బతుకుతున్న యూకీ అనే అమ్మాయితో ఆమె స్నేహమే కథంతా. ఈ రచయితకు నిజంగా చేతనయినది ఏమిటో అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మీ జవాబులు చదివాక మూడో ఎపిసోడ్ మళ్లీ చూశాను. కిరిటో తన లెవెల్ దాచడం, దానివల్ల గిల్డ్ మొత్తం నాశనం కావడం, చనిపోయిన సాచీ ముందే రికార్డు చేసి ఉంచిన మాటలు క్రిస్మస్ రాత్రి అతన్ని చేరడం ఇప్పటికీ గుండెను పిండేశాయి. అయితే ఆ వెంటనే నాలుగో ఎపిసోడ్‌లో అతడు ఏమీ జరగనట్టు సిలికాను కాపాడుతుంటే, తొలిసారి చూసినప్పుడు తట్టని అసహనం ఈసారి నాకూ కలిగింది.