ప్రతి పెళ్లికీ కెమెరాలో ఫైల్ నంబర్ 0001 నుంచి మొదలవ్వాలా, కంటిన్యువస్‌లోనే (పాత నంబర్ తర్వాత కొనసాగేలా) వదిలేయాలా?

ఎనభైఐదు_ఎమ్‌ఎమ్:
ఆల్బమ్ సెలెక్షన్ ఇంకా నంబర్ల మీదే నడుస్తోంది. పెళ్లివాళ్లు టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూసి, "4521, 4530, 4533" అని కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. అందుకే ప్రతి ఈవెంట్ 0001 నుంచి మొదలవ్వాలంటాను. కెనాన్‌లో ఆటో రీసెట్, నికాన్‌లో ఫైల్ నంబర్ సీక్వెన్స్ ఆఫ్, సోనీలో రీసెట్ పెట్టేస్తే సరి. కంటిన్యువస్‌లో ఉంచితే సంగీత్ 7200 దగ్గర మొదలై, మర్నాడు ముహూర్తం మధ్యలో 9999 దాటి మళ్లీ 0001కి వస్తుంది. జీలకర్ర బెల్లం 9990లో, తలంబ్రాలు 0040లో పడతాయి. పేరు వరసలో చూస్తే తలంబ్రాలే ముందొస్తాయి. కెమెరాకి నాలుగు వేల ఫ్రేములు తీసేవాళ్లకి ప్రతి రెండు మూడు పెళ్లిళ్లకో ఇదే గొడవ.

ఆల్బమ్_టేబుల్:
సమస్య సరిగ్గా చెప్పారు, మందే తప్పు. ఆటో రీసెట్‌కి పెళ్లి అంటే ఏంటో తెలియదండీ, దానికి తెలిసింది కార్డు, ఫోల్డర్ మాత్రమే. ఖాళీ కార్డు మార్చిన ప్రతిసారీ, కొత్త ఫోల్డర్ చేసిన ప్రతిసారీ 0001కి వెళ్తుంది. ఒక పెళ్లికి నాలుగు కార్డులు వాడితే ఐఎమ్‌జీ_0001 అనే పేరుతో నాలుగు ఫైళ్లు తయారవుతాయి. వాటిని ఒకే ఫోల్డర్‌లోకి లాగితే విండోస్ "రీప్లేస్ చేయాలా" అని అడుగుతుంది. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఎస్ నొక్కితే మొదటి కార్డు ఫోటోల మీద రెండో కార్డువి కూర్చుంటాయి. ఆలోగా ఆ కార్డు ఫార్మాట్ అయిపోతే ఇక చేతికి రావు. వరస తప్పితే సర్దుకోవచ్చు, పోయిన ఫ్రేమ్ మాత్రం తిరిగి రాదు. నా ఓటు కంటిన్యువస్‌కే.

కార్డ్_రీడర్:
మీ ఇద్దరి మధ్య ఇంకో దారి ఉంది: సెట్టింగ్ కంటిన్యువస్‌లోనే ఉంచి, ఈవెంట్‌కి ముందు ఒక్కసారి చేత్తో రీసెట్ చేయడం. వరస ముఖ్యం. పాత డేటా రెండు చోట్ల భద్రంగా ఉందని చూసుకుని, ఆ పెళ్లికి వాడబోయే కార్డులన్నీ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. తర్వాత మొదటి కార్డు పెట్టి కెనాన్‌లో మాన్యువల్ రీసెట్, నికాన్‌లో రీసెట్ నొక్కండి. కెనాన్ కొత్త ఫోల్డర్ తెరిచి అందులో 0001తో మొదలుపెడుతుంది. నికాన్ ఫోల్డర్ ఖాళీగా ఉంటేనే 0001 ఇస్తుంది, పాత ఫైళ్లుంటే వాటిలో పెద్ద నంబర్‌కి ఒకటి కలిపి మొదలెడుతుంది. ఫార్మాట్ ముందు, రీసెట్ తర్వాత అనేది అందుకే. నికాన్‌లో ఆ తర్వాత సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

పెళ్లి మధ్యలో పక్కవాళ్ల కార్డు అడిగి తీసుకుంటే ఈ లెక్కంతా చెడుతుంది. నికాన్ ఆన్‌లో ఉన్నప్పుడు తను చివర వాడిన నంబర్, ఆ ఫోల్డర్‌లో ఉన్న పెద్ద నంబర్, రెంటిలో ఏది ఎక్కువైతే అక్కడి నుంచి నడుస్తుంది. కార్డులో 8700 ఉంటే మీ 1200 కాస్తా 8701 అవుతుంది. కెనాన్ కూడా అలా దూకవచ్చు.

ఫోల్డర్‌ని నంబర్‌తో ఎంచుకునే కెమెరాల్లో 999 పెట్టొద్దు. డీసీఎఫ్ (కెమెరా ఫైళ్ల పేర్లకు కంపెనీలన్నీ పాటించే ప్రమాణం) నియమం ప్రకారం ఫోల్డర్లు 100 నుంచి 999 వరకే, ఫైళ్లు 0001 నుంచి 9999 వరకే. 999లో 9999 పడితే కార్డులో సగం చోటున్నా షట్టర్ పడదు.

ఎనభైఐదు_ఎమ్‌ఎమ్:
కార్డుల మాట ఒప్పుకున్నాను, ఆటో రీసెట్ వదిలేస్తాను. కానీ మాన్యువల్ రీసెట్ చేసినా క్యాండిడ్ కెమెరాలో డీఎస్‌సీ_0001, ట్రెడిషనల్ కెమెరాలో డీఎస్‌సీ_0001 ఉంటాయి కదా? ఇద్దరూ రీసెట్ చేస్తే ఆ రెండూ గుద్దుకోవడం ఖాయం.

ఆల్బమ్_టేబుల్:
అందుకే ఫైలు పేరు మొదట్లో వచ్చే అక్షరాలు మార్చుకోవాలి. నికాన్‌లో ఫైల్ నేమింగ్‌లో మూడు అక్షరాలు మీ ఇష్టం. సోనీలో ఏ7 మూడో తరం నుంచి మూడు మార్చుకోవచ్చు. కెనాన్ 5డీ మార్క్ 3, ఆర్5 లాంటి బాడీల్లో యూజర్ సెట్టింగ్‌లో నాలుగు. ఒక బాడీకి సీఎన్‌ఏ, ఇంకోదానికి సీఎన్‌బీ అనుకోండి. తేడా చూపే అక్షరాన్ని మాత్రం మొదట పెట్టొద్దు. అడోబీ ఆర్‌జీబీ అనే కలర్ సెట్టింగ్‌లో తీస్తే కెనాన్ మొదటి అక్షరాన్ని తీసేసి అండర్‌స్కోర్ పెడుతుంది, ఐఎమ్‌జీ_ అనేది _ఎమ్‌జీ_ అయ్యేది అలాగే. ఈ విషయంలో పానసోనిక్ పద్ధతి నాకు నచ్చుతుంది: పీ1010023 అంటే 101వ ఫోల్డర్‌లో 23వ ఫైలు, ఫోల్డర్ నంబర్ పేరులోనే ఉంటుంది.

రంగు_సరిచూడు:
అసలు కెమెరా నంబర్‌ని కస్టమర్ దాకా ఎందుకు పంపాలి? ఈవెంట్‌కి ముందు అన్ని కెమెరాలతో ఒకే ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారాన్ని ఒక ఫ్రేమ్ తీయండి. ఇంటికొచ్చాక ఆ ఫ్రేముల్లో ఫోన్ టైమ్‌కీ కెమెరా టైమ్‌కీ తేడా చూసి, లైట్‌రూమ్ (ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో ఎడిట్ క్యాప్చర్ టైమ్‌తో గడియారం వెనకున్న కెమెరా ఫోటోలన్నీ ఒకేసారి జరపండి. ఆపైన క్యాప్చర్ టైమ్ వరసలో పెట్టి మొత్తానికి 0001 నుంచి కొత్త పేర్లు. రెండు కెమెరాల జీలకర్ర బెల్లం ఒకే చోట కూర్చుంటుంది. రా ఫైళ్ల (కెమెరా ఇచ్చే అసలు ఫైళ్లు) పేర్లు మార్చాకే సెలెక్షన్ జేపెగ్‌లు ఎక్స్‌పోర్ట్ చేయాలి, లేకపోతే కాగితం మీది 0412కి రా ఫైలు దొరకదు. విండోస్‌లో అన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 కొట్టే పద్ధతి దీనికి వద్దు, రా–జేపెగ్–ఎక్స్‌ఎమ్‌పీ (ఎడిట్ వివరాలుండే ఫైలు) జతలు తెగిపోవచ్చు.

కార్డ్_రీడర్:
పద్ధతి మంచిదే, కానీ పేర్లు మార్చేది కాపీ చేసిన హార్డ్‌డిస్క్ మీదే, కార్డు మీద ఎప్పుడూ కాదు. డీసీఎఫ్‌కి అందని పేరు పెడితే ఆ ఫోటో కెమెరా ప్లేబ్యాక్‌లో కనబడదు. ఇంకోటి: లైట్‌రూమ్ డూప్లికేట్‌ని పట్టేది ఫైలు పేరు, తీసిన సమయం, సైజు చూసి. లైట్‌రూమ్ బయట పేరు మార్చి ఒకసారి, అసలు పేరుతో కార్డు నుంచి ఇంకోసారి ఇంపోర్ట్ చేస్తే అదే ఫోటో రెండుసార్లు వచ్చి కూర్చుంటుంది.

కాపీకి ఒక కార్డుకి ఒక ఫోల్డర్ చాలు: తేదీ, కెమెరా, కార్డు నంబర్. అప్పుడు 0001 నాలుగున్నా రీప్లేస్ ప్రశ్నే రాదు.

ఎనభైఐదు_ఎమ్‌ఎమ్:
రీనేమ్ చేసేంత టైమ్ లేనప్పుడు? పెళ్లి అయిన రాత్రే పెన్‌డ్రైవ్ కావాలంటారు.

రంగు_సరిచూడు:
అప్పుడు ఆల్బమ్_టేబుల్ గారు చెప్పిన అక్షరాలే ఆదుకుంటాయి. సీఎన్‌ఏ, సీఎన్‌బీ వేర్వేరు ఫోల్డర్లలో ఇచ్చి, కాగితం మీద "ఏ 0412" అని రాయమనండి. రోజూ చేయాల్సిన పని కాదిది, పేరు కాస్త తక్కువ అందంగా ఉన్నా ఫర్వాలేదు.

కార్డ్_రీడర్:
సోనీ వాడేవాళ్లకి ఒక్క మాట. కార్డులో ఫోటోలుండే డీసీఐఎమ్ ఫోల్డర్ ఒక్కటే లాగి కార్డు ఫార్మాట్ చేయొద్దు. ఎక్స్‌ఏవీసీ ఎస్ (సోనీ వీడియో ఫార్మాట్) వీడియోలు అందులో ఉండవు, ప్రైవేట్ ఫోల్డర్‌లో ఎమ్4రూట్, దానిలో క్లిప్, అక్కడ సీ0001 పేర్లతో ఉంటాయి. కార్డులో ఉన్నదంతా కాపీ చేసుకుని, సైజులు సరిచూసుకున్నాకే ఫార్మాట్ నొక్కండి.